బట్టీని తిట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

బట్టీ చదువులు పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయని మీ పత్రికలో ఈ మధ్య వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. లెక్కలు, సైన్సు సంగతి నాకు తెలియదు. పరాయి భాష విషయంలో మాత్రం ఒప్పుకోలేను. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర 22 ఏళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నా. మా బిడ్డ జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటోంది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషా పరీక్షల్లో బి2 అనే స్థాయి పాసవ్వాలి.

మొదట ఒక ఆన్‌లైన్ కోచింగులో చేర్పించాం. వాళ్లు పంపిన పీడీఎఫ్ నేనే ప్రింటు తీసి స్పైరల్ చేసిచ్చా. 180 పేజీలు. ఎడమవైపు జర్మన్ మాట, కుడివైపు ఇంగ్లీషు అర్థం, అంతే. ఆడియో లేదు. నాలుగు నెలలు రాత్రి పదకొండు దాకా కూర్చుని చదివింది. మాదిరి పరీక్షలో అవతలి మేడమ్ "నిన్న ఏం చేశావు?" అని అడిగితే నోరు పెగల్లేదు. మాటలన్నీ తెలుసు, వాక్యం కుదరలేదు. ఫోను పక్కన పడేసి ఏడ్చింది. అదీ బట్టీయే, కాదనను. కానీ గొంతు లేని బట్టీ.

నాకు తెలిసిన బట్టీ వేరు. మాది కనగల్ మండలంలో ఒక పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం చిరుతల రామాయణం నేర్పడానికి పంతులు వచ్చేవాడు. నాది శూర్పణఖ వేషం (నవ్వకండి, అప్పట్లో సన్నగా ఉండేవాణ్ని). మాలో సగం మందికి చదువు రాదు. పుస్తకం పంతులు చేతిలో తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఆయన ఒక చరణం పాడితే మేం చిరుతలు (తాళం వేసే చెక్కలు) కొడుతూ అదే పాడాలి. ఎవరైనా తప్పితే, తప్పిన మాట దగ్గర అందుకోనిచ్చేవాడు కాదు. "మళ్ల పైనుంచి ఎత్తుకో" అనేవాడు. పై చరణం ఆఖరి మాట కింది చరణాన్ని లాక్కురావాలన్నమాట. రెండు నెలల్లో నా పాటలే కాదు, రాముడి పాటలూ నోటికొచ్చేశాయి. ఇప్పుడు నాకు 52. నిద్రలో లేపి అడిగినా పాడతా.

బిడ్డకూ అదే పద్ధతి పెట్టాం. ఆస్పత్రి సంభాషణల ఆడియో వెతికి నలభై సెకన్ల ముక్కలు చేసుకుంది. ముందు ప్రతి మాటకూ తెలుగులో అర్థం తెలుసుకోవాలి. తర్వాత కాగితం మూసి పదిసార్లు వినాలి. ఆపైన ఆ గొంతుతో కలిసి, అదే స్పీడులో, అదే ఎత్తుపల్లాలతో అనాలి. తప్పితే పై వాక్యం నుంచి. గిరాకీ లేనప్పుడు నేనే పేషెంటును. "వో టూట్ ఎస్ వే?" అని బిడ్డ అడుగుతుంది, ఎక్కడ నొప్పి అని. "మీర్ టూట్ డెర్ కోప్ఫ్ వే" అంటా, నాకు తల నొస్తోందని.

ఆ "మీర్" దగ్గరే అసలు సంగతి తెలిసింది. మీర్ అంటే "నాకు". చలేస్తే "మీర్ ఇస్ట్ కాల్ట్", అంటే నాకు చలిగా ఉంది. తల నొచ్చినా చలేసినా మనలాగే వాళ్లూ "నాకు" అనే అంటారు. ఇంగ్లీషులో అయితే రెండు చోట్లా మామూలుగా "నేను" అని మొదలుపెడతారు. కారణం చెప్పే "వైల్" తగిలిస్తే క్రియ చివరికి పోతుంది: "వైల్ ఇష్ ఫీబర్ హాబె". ఫీబర్ అంటే జ్వరం, హాబె క్రియ. తెలుగువాళ్లకు క్రియ చివర ఉండటం కొత్తా? అంత దగ్గరి దారి ఉండగా, ఇంగ్లీషు చుట్టూ తిప్పి మా పిల్లను అలసిపోయేట్టు చేశారు.

లింగాల గొడవ ఇంకొకటి. జర్మన్‌లో ప్రతి నామవాచకం ముందూ దాని లింగాన్ని బట్టి డెర్, డీ, డస్‌లలో ఒకటి పెట్టాలి. తల "డెర్", చెయ్యి "డీ", కాలు "డస్". ఎందుకని అడిగితే జవాబు లేదు. పట్టికలో చదివినన్నాళ్లూ కలగాపులగమే. అదే నొప్పి వాక్యంలో తల తీసి చెయ్యి, చెయ్యి తీసి కాలు పెట్టి అనీ అనీ, ఇప్పుడు నేను కావాలని కాలును (బైన్) "డెర్ బైన్" అంటే "డాడీ, డస్" అని వెంటనే దిద్దుతోంది.

బీఎడ్ పిల్లల సైకాలజీ నోట్సు జిరాక్స్ తీస్తూ ఎబ్బింగ్‌హాస్ గురించి చదివా. ఆయనా జర్మనే. అర్థం లేని అక్షరాలు తనే కంఠస్థం చేసి, ఎంత త్వరగా మరిచిపోతామో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మన నోట్సుల్లో విస్మృతి వక్రం (ఎంత త్వరగా మరిచిపోతామో చూపే గీత) ఒక్కటే రాస్తారు. అర్థమున్న పద్యాలకు అందులో సుమారు పదో వంతు శ్రమే పట్టిందని కూడా ఆయన చెప్పాడు. విడి మాటల లిస్టుకూ సంభాషణకూ అంత తేడా ఉండదా?

ఒక దెబ్బ మాత్రం తిన్నాం. రెండో మాదిరి పరీక్షలో ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగితే, మా పిల్ల తన మార్నింగ్ షిఫ్టు గురించి గడగడా అప్పజెప్పింది. అడిగింది వినలేదు, టెన్షన్. అప్పట్నుంచి ముక్క నోటికొచ్చాక వరస మార్చి, మధ్యలో నుంచి అడుగుతున్నా. బట్టీని తిట్టేవాళ్లు చెప్పే లోపం ఇదే అయితే అది నిజమే, దాన్ని సరిచేసుకోవచ్చు కూడా.

విదేశాల్లో ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తోంది, మంచి పని. తెలుగు మీడియంలో చదివిన నల్లగొండ, పాలమూరు పిల్లల కోసం వాళ్లను ఒక్కటి కోరుతున్నా. ఆస్పత్రిలో రోజూ అవసరమయ్యే ఓ యాభై సంభాషణలు జర్మన్‌వాళ్ల గొంతుతో రికార్డు చేయించి, పక్కన ఇంగ్లీషు కాకుండా తెలుగు అర్థాలు వేసి, అందరికీ ఉచితంగా ఇవ్వండి. మా జిల్లాలో నేర్చుకునే పిల్లలకు ఆ కాగితాలు నా షాపులో ఊరికే ప్రింటు తీసిస్తా. స్పైరల్ ఖర్చు కూడా నాదే.

— ఒక జిరాక్స్ షాపు యజమాని, నల్లగొండ