వెల్డింగు రంగు చెరిపాక చూసి ఏం లాభం?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా ఆర్గాన్ వెల్డింగు చేస్తున్నాను, అంటే కాలే అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు పట్టిస్తూ అతికే పని. టిగ్ అంటారు చదువుకున్నవాళ్లు. మొన్న ఒక పల్లెకు తాగునీళ్ల ట్యాంకు చేసిచ్చాను. 304 అనే తుప్పు పట్టని రకం స్టీలు, 16 గేజి మందం షీటు. పని చూడటానికి వచ్చిన సారు అతుకుల పక్కన లేత బంగారు ఛాయ చూసి, "ఏమప్పా, కాల్చినట్టుందే. బఫింగు కొట్టించి తీసుకురా, అప్పుడు సంతకం పెడతా" అన్నారు. బఫింగంటే మిషనుతో రుద్ది మెరిపించడం. ట్యాంకు లోపలికి మాత్రం తొంగి చూడలేదు.

అయ్యా, ఆ ఛాయ మరక కాదు. స్టీలు వేడెక్కితే పైన సన్నని ఆక్సైడు పొర కడుతుంది. పొర పల్చగా ఉంటే గడ్డి రంగు, బంగారు రంగు. వేడి ఎక్కువై పొర మందమయ్యే కొద్దీ ఊదా, నీలం, చివరికి బూడిద. స్టీలులోని క్రోమియం ఆ పొరలోకి పోతుంది, దాని కిందనున్న స్టీలుకు ఆ మేరకు తగ్గుతుంది. తుప్పును ఆపేది ఆ క్రోమియమే. 304లో సుమారు 18 శాతం ఉంటుంది. లేత బంగారు రంగుతో మామూలు పనులకు ఇబ్బంది లేదు. బూడిద రంగొచ్చిన చోట పైపైన బఫింగు కొడితే రంగు పోతుంది గానీ రోగం పోదు. ఇనుప గేట్లకు వాడిన డిస్కుతోనే స్టీలునూ రుద్దితే ఇంకా చెరుపు, ఇనుప రజను అంటుకుని అదే తుప్పు పడుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. ఏడేళ్ల కింద మే నెలలో ఒక హోటలుకు పాల తొట్టి చేశాను. ఎండకు తట్టుకోలేక వీపు వెనక టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాను. ఆర్గాన్ గాలికన్నా బరువే, అయినా ఫ్యాను ముందు నిలుస్తుందా? అతుకంతా పొయ్యిలో బూడిదలా వచ్చింది. బఫింగు కొట్టి ఇచ్చేశాను. రెండు నెలలకు అతుకు పొడుగునా గోధుమ రంగు చారలు. షీటు నాసిరకమని అమ్మిన షాపాయనతో పోట్లాడాను. మిగిలిన ముక్క మీద అదే మిషను, అవే ఆంప్స్ పెట్టి, ఫ్యాను ఆపి వేసి చూస్తే బంగారంలా వచ్చింది. ఆయన ముఖం చూడలేక ఏడాది పాటు వేరే చోట కొన్నాను.

అప్పటినుంచి ఆషాఢం గాలి మొదలైతే షట్టరు సగం దించి, పక్కన టార్పాలిన్ కడతాను. ఈ షీటుకు 50, 60 ఆంప్స్ కరెంటు చాలు. స్టీలు ఇనుములా వేడిని త్వరగా పక్కకు పంపదు, ఉన్నచోటే పట్టుకుంటుంది. అందుకే వెనక రాగి పట్టీ పెట్టి, చెయ్యి ఆపకుండా నడిపించాలి. లోపలి వైపుకూ గ్యాసు పట్టించాలి, లేకపోతే అక్కడ పొక్కులు పొక్కులుగా నల్లబడుతుంది. అతుకు చివర కరెంటు ఆపాక కూడా చేతిలోని వెల్డింగు టార్చి కదపకూడదు. మా పిల్లోడికి "పది లెక్కపెట్టు" అని చెప్తాను. టార్చి కొసనున్న టంగ్‌స్టన్ మొన ఎరుపు చల్లారే దాకా గ్యాసు దాన్నీ, అతుకునూ కాస్తుంది. వాడు ఆరు దగ్గరే లేపేస్తాడు, అక్కడొక నల్ల చుక్క పడుతుంది.

వాణ్ణి తిట్టినా ఏం లాభం? స్టీలు పనికి రేటు కిలో లెక్కన కడతారు. లోపల పట్టించిన ఆర్గాన్ తూకంలో కనపడదు. గ్యాసు మిగుల్చుకుని, గబగబా లాగించి, బఫింగుతో మెరిపించినవాడికే లాభం. గుడి క్యూలైన్ల రెయిలింగుకైతే పోనీలే అనుకోవచ్చు. పిల్లలు తాగే నీళ్ల ట్యాంకుకు అట్లా కాదు కదా.

కాబట్టి బిల్లులు పాస్ చేసే ఇంజనీర్లకు మీ పత్రిక ద్వారా నా మనవి: అంచనాల్లో లోపలి గ్యాసుకు వేరే లెక్క కట్టండి. బఫింగు కొట్టకముందే ఒకసారి షాపుకు రండి. మూత తీసి లోపలి అతుకులు చూడండి. టార్చిలైటు నేనే పడతాను.

ఇట్లు,
ఒక ఆర్గాన్ వెల్డరు,
అనంతపురం