జాబితాలో పేరున్నవాడు రాష్ట్రం మారితే?

సంపాదకుడు గారికి,

పసిపిల్లల మీద ఘోరం జరిగిన ప్రతిసారీ, అమెరికాలోలాగా లైంగిక నేరస్థుల పేర్లు, ఫొటోలు, చిరునామాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్న డిమాండు మన దగ్గర వినిపిస్తుంది. పోక్సో కేసుల్లో బాధిత కుటుంబాల తరఫున నిలబడే న్యాయవాదిగా ఆ ఆవేదన నాకు తెలుసు. అయితే జాబితాకెక్కిన మనిషి రాష్ట్రం మారితే అమెరికాలో ఏం జరుగుతోందో ముందు చూడాలని నా మనవి.

ప్రొబేషన్‌లోనో పెరోల్‌లోనో, అంటే శిక్ష పూర్తికాకుండా అధికారుల పర్యవేక్షణలో బయట ఉన్నవారు, వెళ్లబోయే రాష్ట్రం ఒప్పుకునేదాకా కదలకూడదు. ఇందుకు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది. సబబైన ఏర్పాటే. చిక్కంతా శిక్ష ముగిసినవారి దగ్గరే. వారు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, కొత్త చోట నమోదు చేయించుకోవాలి. ఎప్పటిలోగా? 2006 నాటి అమెరికా కేంద్ర చట్టం 3 పనిదినాలంటుంది. కాలిఫోర్నియా 5 పనిదినాలు ఇస్తుంది. ఫ్లోరిడాలో 48 గంటల్లో షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి) కార్యాలయానికి స్వయంగా వెళ్లాలి, ఆ తర్వాత మరో 48 గంటల్లో డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయానికి. అక్కడిచ్చే కార్డు మీద ఈ నమోదు చట్టం సెక్షన్ నంబరు 943.0435 వేస్తారు. రాష్ట్రం దాటాక తెలిసి కూడా నమోదు చేయించుకోకపోతే కేంద్ర చట్టం కింద 10 ఏళ్ల వరకు జైలు.

కాలిఫోర్నియాలో తక్కువ తీవ్రత ఉన్న నేరాలకు కనీసం 10 ఏళ్లు నమోదులో ఉండాలి. ఫ్లోరిడాలో సాధారణంగా జీవితాంతం. పైగా ఫ్లోరిడా వదిలి వెళ్లిపోయినా అక్కడి జాబితాలో పేరు అలాగే ఉంటుంది. నిబంధనలు పాటించాలనుకునేవాడికే ఏ రాష్ట్రంలో ఏది వర్తిస్తుందో తేల్చుకోవడం కష్టం. ఎగవేయాలనుకున్నవాడికి ఈ గందరగోళం ఎంత అనుకూలమో వేరే చెప్పాలా?

ఫ్లోరిడాలోని మయామీ ప్రాంతంలో 2005లో బడులకు 2,500 అడుగుల లోపు ఇలాంటి నేరస్థులు కాపురం ఉండకూడదని స్థానిక శాసనం చేశారు. ఇళ్లు దొరక్క పదులమంది జూలియా టటిల్ వంతెన కింద డేరాలు వేసుకున్నారు. 2010 వరకు పోలీసులకు తెలిసిన వారి చిరునామా అదే. నిలకడగా ఉండే ఇల్లూ పనీ లేని మనిషి మీద నిఘా పెట్టడం తేలికా? ఆ వంతెన వల్ల ఏ పిల్లకు రక్షణ దొరికింది?

మనకూ జాతీయ లైంగిక నేరస్థుల డేటాబేస్ ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ నిర్వహణలో 2018 సెప్టెంబరులో మొదలైంది. అది దర్యాప్తు అధికారులకే అందుబాటులో ఉంటుంది. అలాగే ఉండనివ్వాలి. దాన్ని బహిరంగం చేయమని అడిగేవారు ఒక సంగతి ఆలోచించాలి: మన దగ్గర పోలీసు వ్యవస్థ రాష్ట్రాల చేతిలో ఉంది. విజయవాడలో ఇల్లు, హైదరాబాదులో ఉద్యోగం ఉన్నవాళ్లు ఎంతమందో! శిక్ష ముగించుకున్నవాడు ఈ రెండు ఊళ్ల మధ్య తిరుగుతుంటే ఏ స్టేషన్ ఎవరికి జవాబుదారీ?

చిరునామా చెప్పాలన్న బాధ్యత రేపు చట్టంలోకి తెస్తే, దేశమంతటికీ ఒకే గడువు పెట్టాలి. కొత్త ఊరి స్టేషన్‌లో సంతకం చేసిన రోజే రసీదు చేతికివ్వాలి. పాత స్టేషన్ రికార్డును పోలీసులే బదిలీ చేసుకోవాలి. నేర తీవ్రతను బట్టి పేరు ఎప్పుడు తొలగిస్తారో శిక్ష వేసేటప్పుడే న్యాయస్థానం రాతపూర్వకంగా చెప్పాలి. కేంద్ర హోంశాఖ వీటిని ముందే రాసిపెట్టి ప్రజల అభిప్రాయం కోరాలి. ఆ పని జరగనిదే బహిరంగ జాబితా ఊసెత్తవద్దని రెండు తెలుగు రాష్ట్రాల ప్రజాప్రతినిధులను కోరుతున్నాను.

– ఒక న్యాయవాది, విజయవాడ