ఏడో తరగతి దగ్గర ఆగిన పిల్లాడి సంగతి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో కార్డినల్ పూల అంథోని గారి మీద వచ్చిన కథనం చదివాను. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్ (కథోలిక చర్చిలో పోప్ తర్వాతి హోదా) చేయడం, ఆ హోదా అందుకున్న మొదటి తెలుగువాడు, మొదటి దళితుడు ఆయనే కావడం, 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకున్నప్పుడు రోమ్‌లో ఆయన కూడా ఓటేయడం, అన్నీ బాగానే రాశారు, పెద్ద ఫొటో వేశారు. కానీ పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోయింది, మిషనరీలు సాయం చేస్తే మళ్లీ బడికి వెళ్లారు అన్న ముక్కను ఒక్క లైనులో చెప్పేసి తర్వాతి పేరాలో వాటికన్‌కు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ లైను దగ్గరే ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో, అందులోనూ ఎక్కువగా వరంగల్ జిల్లా నర్సంపేట వైపు ప్రాథమికోన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ఒక్క లైను వెనక ఎంత ఉంటుందో నాకు తెలుసు.

మన దగ్గర చాలా ఊళ్లలో బడి ఏడో తరగతితోనే అయిపోతుంది. ఎనిమిదికి పక్క ఊరి హైస్కూలుకు పోవాలి. మేము మేలోనో జూన్‌లోనో టీసీ రాసి చేతికిస్తాం, మా రిజిస్టర్‌లో ఆ పిల్లాడి పేరు పక్కన గీత పడుతుంది, మా బాధ్యత తీరిపోయిందనుకుంటాం. ఆ కాగితం హైస్కూలుకు చేరిందా లేదా అని అడిగేవాళ్లు లేరు. మధ్యలో జారిపోయినవాడు ఈ బడివాడూ కాదు, ఆ బడివాడూ కాదు.

నా దగ్గర చదివిన ఒక పిల్లాడు లెక్కల్లో చురుకు, బోర్డు మీద లెక్క వేసి నేను వెనక్కి తిరిగేలోపే జవాబు చెప్పేవాడు. ఏడు పాసై టీసీ తీసుకెళ్లాడు. ఆ సంవత్సరం దసరా దాటాక ఒకరోజు వాళ్ల ఇంటి మీదుగా వెళ్తుంటే నడుముకు సంచి కట్టుకుని పత్తి చేను నుంచి వస్తూ కనిపించాడు. పత్తికాయ డొప్ప మొనలు గీరి వేళ్ల చివర్లు చీరుకుపోయి ఉన్నాయి. నన్ను చూడగానే ఆ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఏం చేయాలె సారూ, రోజూ ఆటో కిరాయి యాడికెల్లి తేవాలె" అంది వాళ్లమ్మ. ఇంట్లోకి పోయి ట్రంకు పెట్టెలోంచి టీసీ తెచ్చి చూపించింది, పాలిథిన్ కవర్లో నాలుగు మడతలు పెట్టి దాచింది, నేను రాసిన కాగితమే. వాళ్ల నాన్న పత్తి ఏరుడు మొదలు కాకముందు ఒకసారి హైస్కూలుకు తీసుకెళ్తే, అడ్మిషన్లు అయిపోయినయి, వచ్చే జూన్‌లో రండి అన్నారట. విద్యాహక్కు చట్టం ప్రకారం గడువు దాటిందనో, టీసీ ఆలస్యమైందనో పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ఆ సంగతి ఆ తండ్రికి తెలియదు, తెలిసిన నేను ఆయన వెంట హైస్కూలుకు వెళ్లలేదు. మళ్లొకసారి ఆ ఇంటికి కూడా పోలేదు. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

అందుకే కార్డినల్ గారి జీవితంలో ఆ ఒక్క లైను నాకు అంత పెద్దదిగా కనిపించింది. 1961లో అప్పటి కర్నూలు జిల్లా పోలూరులో పుట్టిన పిల్లాడు ఏడుతో ఆగిపోయాడు. ఎవరో వచ్చి చేయి పట్టుకుని మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. కథోలిక గురువు, అంటే చర్చి ఫాదర్, కావాలంటే చదువు చిన్నది కాదు, హైస్కూలు, కాలేజీ అయ్యాక తత్వశాస్త్రం, వేదాంతశాస్త్రం అన్నీ కలిపి ఏళ్లకు ఏళ్లు పడుతుంది. ఆయన బెంగళూరు సెయింట్ పీటర్స్ గురువిద్యాలయంలో చదివి 1992 ఫిబ్రవరిలో కడప మేత్రాసనంలో (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) గురువు అయ్యేసరికి ముప్పై ఏళ్లు నిండాయి. తర్వాత చికాగో లయోలా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, కడప మేత్రాసనంలోనే బడుల పనీ, పేద పిల్లల చదువుకు సాయం చేసే పనీ చూశారు. 2008లో కర్నూలు మేత్రాణి, అంటే బిషప్, అయ్యారు. మేత్రాణి పదవికి గురువుగా కనీసం ఐదేళ్లు చేసి ఉండాలి, ముప్పై ఐదేళ్లు దాటాలి, వేదాంతంలోనో బైబిల్ అధ్యయనంలోనో చర్చి చట్టంలోనో పెద్ద చదువో గట్టి పట్టో ఉండాలని వాళ్ల నియమం. ఏడు దగ్గర ఆగినవాడు అక్కడిదాకా పోయాడంటే, మన ట్రంకు పెట్టెల్లో ఎన్ని టీసీలు మడతలు పడి ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి.

మన ప్రాంతానికి ఆయన పరాయి మనిషి కూడా కాదు. ఓరుగల్లు మేత్రాణిగా దాదాపు పాతికేళ్లు చేసిన తుమ్మ బాల గారు 2011లో హైదరాబాద్ అగ్రపీఠానికి (ఆర్చ్‌బిషప్ పీఠం) వెళ్లారు, 2020లో ఆయన తర్వాత ఆ పీఠానికి నియమితులైంది పూల అంథోని గారే. నేను క్రైస్తవుణ్ణి కాను, కాజీపేటలో ఓరుగల్లు మేత్రాసనపు పెద్ద చర్చి ఉన్న ఫాతిమానగర్‌కు దగ్గర్లో ఉంటాను, అంతే. చదువు ఆగిపోయిన పిల్లాడి ఇంటికి వెళ్లేవాడు ఫాదరా, పంతులా, అంగన్‌వాడీ టీచరా అన్న పట్టింపు నాకు లేదు. ఎవరో ఒకరు వెళ్లాలి.

సర్కారు చేయడం లేదని అనను. ఏటా జూన్‌లో బడిబాట అని ఇల్లిల్లూ తిరుగుతారు, నేనూ తిరిగాను. కానీ పత్తి పగిలేది దసరా ముందు వెనకల, పిల్లలు జారిపోయేది కూడా అప్పుడే, ఆ తర్వాత మిర్చి ఏరడం ఉండనే ఉంది. జూన్‌లో పేరు రాయించుకున్నవాడు కూడా నవంబరులో బడిలో ఉండడు. బడుల ఆన్‌లైన్ రికార్డులో చూస్తే అలాంటి పేర్లు డ్రాప్‌బాక్స్‌లో, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలో, పడి ఉంటాయి, ఏ బడికి ఆ పేరు తీసుకోవాలనిపిస్తే అప్పుడు తీసుకుంటుంది. మండల విద్యాధికారులు ఒక్క పని చేస్తే చాలు, ఏడో తరగతి టీసీలు ఎన్ని ఇచ్చారో, హైస్కూళ్లలో ఎనిమిదిలో ఎంతమంది చేరారో పేరు పేరునా జులైలో ఒకసారి, పత్తి ఏరే రోజుల్లో ఒకసారి సరిచూడాలి, తేడా వచ్చిన ప్రతి ఇంటికీ మనిషిని పంపాలి. బస్సు లేని ఊళ్ల పిల్లలకు హాస్టల్ సీటో, ఆటో కిరాయో అక్కడికక్కడే తేల్చాలి.

మీ పత్రికకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నాడు. ఈ నవంబరులో వాళ్లను ఒక్కో హైస్కూలుకు పంపి ఎనిమిదో తరగతి హాజరుపట్టీ చూడమనండి. రాని పిల్లల పేర్లు పేపర్లో వేయొద్దు, ఎంతమందో మాత్రం వేయండి, మండలాల వారీగా, కార్డినల్ గారి ఫొటో వేసినంత జాగాలో.

విశ్రాంత ఉపాధ్యాయుడు,
కాజీపేట