నా కన్ను కాపాడిన అక్కకు

పోయిన నెల గుంటూరు అరండల్‌పేటలో గోడకు వెల్ల వేస్తుంటే తడి సున్నం చింది నా కుడికంట్లో పడింది. మంటకు తట్టుకోలేక నలపబోయాను. దారిన పోతున్న మీరు చెయ్యి పట్టుకుని ఆపారు అక్కా. కుళాయి కింద తల వంచి, రెప్పలు విప్పి పట్టుకుని, 20 నిమిషాలు ధారగా నీళ్లు పోశారు. చాలని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఎవరో ఆముదం వెయ్యమంటే గట్టిగా వద్దన్నారు. ఆటో ఎక్కించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు.

కంటి డాక్టరు రెప్ప తిప్పి, లోపల ఇరుక్కున్న సున్నం పలుకులు తీశారు. సున్నం యాసిడ్ కన్నా లోతుకు దిగుతుందట. వెంటనే కడగబట్టే చూపు దక్కిందన్నారు.

ఇప్పుడు పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు లేకుండా నిచ్చెన ఎక్కడం లేదు. మా కుర్రాళ్లకూ కొనిచ్చాను. మీకు దండం అక్కా.