లెప్రసీ విషయంలో మన భయం గురి తప్పింది: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఏటా జనవరి 30న 'స్పర్శ్' కార్యక్రమం కింద గ్రామసభల్లో కుష్ఠు ప్రతిజ్ఞ చేయిస్తున్నారు. రోగులపై వివక్ష చూపబోమని అందరం చదువుతాం. మంచిదే. కానీ ఈ జబ్బు ఎవరి నుంచి వస్తుందని అదే సభలో అడిగి చూడండి. చాలామంది వేళ్లు అరిగిపోయిన ఏ ముసలాయననో చూపిస్తారు. ఆయన ఎప్పుడో మందులు పూర్తిచేసి ఉంటే, ఆయన వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. అంటించగలిగిన మనిషి చేతులూ కాళ్లూ చక్కగానే ఉండవచ్చు. వీపు మీది పాలిపోయిన మచ్చలను శోభి అనుకుని మలాము రాసుకుంటూ, చెవి తమ్మెలు దళసరెక్కినా పట్టించుకోకుండా పనికి వెళ్లి వస్తుంటాడు. అతన్ని చూసి ఎవరూ భయపడరు.

నార్వేలోని బెర్గెన్‌లో 1873లో హాన్సెన్ అనే వైద్యుడు ఈ జబ్బు తెచ్చే క్రిమిని గుర్తించేనాటికి అక్కడి వైద్యులు కూడా ఇది వంశపారంపర్యమనే నమ్మేవారు. ఆ క్రిమి, మైకోబాక్టీరియం లెప్రే, క్షయ క్రిమికి దాయాది. మహా నిదానం. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. సోకాక లక్షణాలు బయటపడటానికి సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు. అపోహలన్నీ ఈ నిదానం నుంచే పుట్టాయని నా అనుమానం. పక్కవాడు తుమ్మిన మూడో రోజు జ్వరం వస్తే కారణం ఎవరికైనా తెలుస్తుంది. అయిదేళ్ల తర్వాత మచ్చ కనబడితే, పూర్వజన్మ పాపం అనడమే సులువు.

ఇక్కడ మన ప్రచారంతో నాకొక పేచీ ఉంది. సదుద్దేశంతోనే కావచ్చు, కొందరు 'ఇది అంటువ్యాధి కాదు' అంటారు. అంటనిదైతే ఇంట్లోవాళ్లను పరీక్షించడం ఎందుకు? ఉన్నది ఉన్నట్టు చెబితే జనం అర్థం చేసుకుంటారు. అంటుతుంది, కానీ తేలిగ్గా అంటదు. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితే, ముక్కు, నోటి తుంపర్ల ద్వారా సోకుతుంది. అప్పుడు కూడా ఎక్కువమంది శరీరం దాన్ని అణిచేస్తుంది. బహుళ ఔషధ చికిత్స ఉచితం. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడాలి. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే అంటించే గుణం పోతుంది.

2005 డిసెంబరు నాటికి దేశంలో 10,000 మందికి ఒక రోగి కంటే తక్కువ స్థాయికి చేరామని ప్రకటించుకున్నాం. ఆ లెక్కలోకి వచ్చేది చికిత్సలో ఉన్నవారే. 1998లో తీవ్ర రకానికి మందుల కాలం 24 నెలల నుంచి 12కు తగ్గగానే రిజిస్టర్‌లో పేర్లు కూడా తగ్గాయి. జబ్బు అంత వేగంగా తగ్గలేదు. ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు మన దేశంలోనే బయటపడుతున్నాయి. ప్రపంచం మొత్తంలో సగానికి మించి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు బహుళ ఔషధ చికిత్స ముందుగా అందుకున్న ప్రాంతాల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసే పని ఒక్కటే చేసే సిబ్బంది ఉండేవారు. ఇప్పుడు ఆ పని ఆశా కార్యకర్త చేతిలోని ఇరవై పనుల్లో ఒకటి. గుంపులో చొక్కా విప్పమంటే ఎవరు విప్పుతారు? ఆడవారిని ఆడవారే, తలుపు వేసి చూడాలి. కేసు తేలిన ప్రతి ఇంటివాళ్లకూ, చుట్టుపక్కల వారికీ పరీక్ష చేసి, అర్హులకు జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ మందు ఇవ్వాలి. బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో ఈ ఒక్క మోతాదు రెండేళ్లలో కొత్త కేసులను 57 శాతం తగ్గించింది. ప్రైవేటు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేవారి వివరాలూ మీ లెక్కలోకి రావాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో కొత్త రోగుల్లో పిల్లలెందరు, అంగవైకల్యం వచ్చాక తేలినవారెందరు, వారి ఇళ్లలో పరీక్షించినవారెందరు అన్నది ఏటా ప్రకటించండి. పిల్లవాడికి జబ్బు తేలిందంటే, ఆ ఇంట్లోనో దగ్గర్లోనో చికిత్స అందని పెద్దవారు ఉండే అవకాశం ఎక్కువ. వారిని వెతికారా, దొరికారా అన్నది కూడా అందులో రాయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు
పార్వతీపురం