కుక్కపిల్లల కోసం పాల ప్యాకెట్ కొనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను కొర్లగుంటలో పాల బూత్ నడుపుతున్నాను. పోయిన వారం మీ తిరుపతి పేజీలో ఒక ఫోటో వేశారు. అట్టపెట్టెలో కళ్లు తెరవని కుక్కపిల్లలు, పక్కన ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల చేతిలో పాలసీసా. మానవత్వం చాటిన యువకులని కింద మెచ్చుకున్నారు. వాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఆ ఫోటో చూసి ఇంకో పదిమంది అదే పని చేస్తారు. చేసేముందు అరలీటరు ప్యాకెట్ కోసం నా దగ్గరికే వస్తారు. అమ్ముకునేదాన్నే అయినా చెబుతున్నాను, పుట్టి వారం కూడా కాని కుక్కపిల్లకు ప్యాకెట్ పాలు పట్టకండి.

చిత్త కార్తె సంగతి అందరికీ తెలిసిందే, నేను విడమరచి రాయక్కర్లేదు. అక్కడి నుంచి కుక్క కడుపుతో ఉండే 63 రోజులు లెక్కేసుకోండి, కాస్త అటూ ఇటూగా ధనుర్మాసం వస్తుంది. కొండమీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ఆ చలి నెలలోనే మా వీధి కుక్కలు పిల్లలు పెడతాయి. తెల్లారకముందే షట్టర్ ఎత్తేసరికి ఎవరో ఒకరు తువ్వాలులో చుట్టుకుని తెస్తారు. "అక్కా, తల్లి లేదు, పాపం అరుస్తున్నాయి" అంటారు. తల్లి ఎక్కడికి పోతుంది నాయనా? చికెన్ కొట్టు వెనక తిండి వెతుక్కుంటూ ఉంటుంది. కడుపు నింపుకుని అది తిరిగొచ్చేసరికి పిల్లలుండవు.

నేను పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. ఆవు ఈనితే ముందు దూడ తాగాలి, మిగిలిన జున్నుపాలే మా అమ్మ వీధిలో పంచేది. కుక్కకూ జున్నుపాలు ఉంటాయి. వాటితో ఎవరూ జున్ను వండరు కాబట్టి మనకు ఆ ఊసే పట్టదు. రోగాలను తట్టుకునే యాంటీబాడీల్లో నూటికి 5 నుంచి 10 పాళ్లే కుక్కపిల్లకు తల్లి కడుపులో ఉండగా అందుతాయట. మిగతాదంతా ఆ మొదటి పాలలోనే రావాలి. వాటిని పేగుల గోడ రక్తంలోకి రానిచ్చేది కూడా పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. ఒక రోజు తిరిగేసరికి ఆ దారి మూసుకుపోతుంది. అంటే పుట్టిన పూటే పిల్లను తల్లి దగ్గర నుంచి ఎత్తుకొస్తే, మళ్లీ ఎక్కడా కొనలేని వస్తువును దానికి దక్కకుండా చేసినట్టే.

ఇక పేగుల్లో ఉండే బ్యాక్టీరియా సంగతి. దీని గురించి నాకు చెప్పింది మా చెల్లెలి కూతురు, ఇక్కడే పశువైద్యం చదువుతోంది. (ఆ కాలేజీ మన ఊళ్లో 1955 నుంచి ఉంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ వచ్చింది. ఇంత చదువు ఊళ్లో పెట్టుకుని మనం కుక్కపిల్లకు మాత్రం సొంత వైద్యం చేస్తాం.) పుట్టినప్పుడు పిల్ల పేగుల్లో సూక్ష్మజీవులు చాలా తక్కువట. బయటికి వచ్చే దారిలో తల్లి నుంచి కొన్ని అంటుకుంటాయి. తల్లి నాకినప్పుడు కొన్ని, చన్ను నోట పట్టినప్పుడు కొన్ని, పడుకున్న గోనెసంచి నుంచి కొన్ని వచ్చి చేరతాయి. "పెద్దమ్మా, మొదట దిగేవి ఈ-కోలి లాంటివి" అంది. నాకు భయం వేసింది, తాగునీరు కలుషితమైందన్న వార్తల్లో చదివే పేరు కదా అది. అన్ని ఈ-కోలీలూ చెడ్డవి కావట. ముందొచ్చిన కూలీలు మడి చదును చేస్తే తర్వాతి వాళ్లు నాట్లు వేసినట్టు, ఇవి పేగుల్లో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేస్తాయి. అప్పుడు గాలి తగిలితే బతకలేని రకాలు వచ్చి స్థిరపడతాయి. తిన్నదాన్ని పులియబెట్టి పేగు గోడకు బలమిచ్చేవీ, రోగకారక క్రిములకు చోటు దొరక్కుండా చేసేవీ ఎక్కువగా ఆ తర్వాతి రకాలే. మూడో నాలుగో వారంలో పిల్ల మెతుకు ముట్టడం మొదలుపెట్టాక ఈ జనాభా మళ్లీ మారుతుంది. ఇవేవీ సీసాలో రావు, తల్లి నాలుక మీదా పొట్ట మీదా ఉన్నాయి.

పెరుగు నాకిస్తే మంచి బ్యాక్టీరియా వెళ్తుంది కదా అని అడిగేవాళ్లున్నారు. పాలను తోడుకునేలా చేసే బ్యాక్టీరియా వేరు, కుక్కపిల్ల పేగుల్లో కాపురం పెట్టేవి వేరు. పెద్ద కుక్కకు పెరుగన్నం పెట్టుకోండి, పసిదానికి వద్దు.

ఇప్పుడు నా సరుకు గురించి నేనే చెబుతాను. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. కుక్క పాలలో దాదాపు 9 శాతం దాకా ఉంటుంది. మాంసకృత్తులు ఆవుపాలలో కంటే రెట్టింపు. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. అరగని ఆ చక్కెర పేగుల్లోకి నీళ్లు లాగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. పావుకిలో తూగే ప్రాణికి ఒంట్లో నీళ్లు ఎన్నుంటాయి పోవడానికి? పైగా "చిక్కగా ఉంటే అరగదేమో అక్కా" అని అందులో నీళ్లు కలుపుతారు. టోన్డ్ పాలు, అందులో సగం నీళ్లు!

చలి ఇంకో పెద్ద ప్రమాదం. మొదటి వారంలో కుక్కపిల్లకు వణకడం కూడా రాదు, తన ఒళ్లు తాను వెచ్చబెట్టుకోలేదు. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక ఆగిపోతుంది. అప్పుడు పట్టిన పాలు ఎక్కడివక్కడే నిలిచి పొట్ట ఉబ్బుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయే భయమూ ఉంది. అందుకని ముందు వెచ్చదనం, ఆ తర్వాతే తిండి. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, నెమ్మదిగా వేడెక్కాలి.

విరేచనాలు మొదలయ్యాక జరిగేది నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. ఇంట్లో పిల్లల కోసం తెచ్చి సగం వాడి పెట్టిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ సిరప్ తీసి, చుక్కలు లెక్కపెట్టి పోస్తారు. మోతాదు ఎవరు చెప్పారు? ఆ మందు పేగుల్లో అప్పుడప్పుడే కుదురుకుంటున్న మంచివాటినీ తుడిచేస్తుంది. పెద్ద కుక్కల్లోనే అవి మళ్లీ కోలుకోవడానికి వారాలు పడుతుందట. యాంటీబయాటిక్ కావాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట.

మరి ఏం చేయాలి అంటే, చాలాసార్లు చేయాల్సింది తల్లికి. పాలిచ్చే కుక్కకు మామూలుగా తినేదానికి రెండు మూడింతలు తిండి కావాలి. ప్యాకెట్‌కు పెట్టే డబ్బుతో గుడ్లు కొనండి, ఉడకబెట్టి అన్నంలో పిసికి పెట్టండి, పక్కన నీళ్ల గిన్నె ఉంచండి. గోనెసంచి, పైన వానకూ మంచుకూ అడ్డంగా ఏదైనా రేకు. మీద పడి మొరుగుతోందని పిల్లల్ని వేరే వీధికి మార్చకండి, పిల్లల తల్లి మొరగక ఏం చేస్తుంది? దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. తల్లి నిజంగానే బండి కింద పడి చచ్చిపోతే, కుక్కపిల్లల కోసమే తయారైన పాలపొడి దొరుకుతుంది. మన పసిబిడ్డలా వెల్లకిలా కాక బోర్లా ఉంచి, రెండు మూడు గంటలకోసారి పట్టాలి. పట్టాక తడి దూదితో కింద తుడవాలి. తల్లి నాకితే తప్ప వాటికి మూత్రం, దొడ్డి రావు, ఇది తెలియక పొట్ట బిగిసిపోయిన పిల్లల్ని తెచ్చినవాళ్లను చూశాను. పెరుగుతోందో లేదో తెలియాలంటే రోజూ తూకం వేయండి, నా కౌంటర్ మీది తక్కెడ వాడుకోవచ్చు. రెండు వారాలు నిండాక నులిపురుగుల మందు మొదలుపెట్టించాలి, ఆ పురుగులు తల్లి కడుపులోంచీ పాలలోంచీ కూడా వస్తాయి. 6 నుంచి 8 వారాల మధ్య పార్వోకు (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకా మొదలుపెట్టి, 16 వారాల దాకా డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ వేయించాలి.

మీకు ఒక విన్నపం. తిరుపతిలో రాత్రి పది దాటాక ఈ పాలపొడి ఏ షాపులో దొరుకుతుంది, ఆ వేళప్పుడు ఏ పశువైద్యులు ఫోనెత్తుతారు, మీ విలేకరి కనుక్కుని ధనుర్మాసం రాకముందే నెంబర్లతో సహా వేయగలరా? వేస్తే ఆ ముక్క కత్తిరించి ప్యాకెట్ల ట్రే పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాల బూత్ నిర్వాహకురాలు,
కొర్లగుంట, తిరుపతి