మంత్రి గారూ, ఏ స్టేషనో ఏ గేటో ఇంట్లో ఉండగానే చెప్పండి

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ నుంచి రాస్తున్నాను. ఇక్కడి రైల్వే డివిజన్ పెద్ద, డీఆర్ఎం గారికే రాసుకోవచ్చు కదా అంటారేమో. నేను చెప్పేదాంట్లో సగం విజయవాడ డివిజన్‌ది, సగం గుంటూరు డివిజన్‌ది. రెండు ఊళ్ళ మధ్య పట్టుమని 40 కిలోమీటర్లు లేవు గానీ ఆఫీసులు మాత్రం రెండు. అందుకని ఇద్దరికీ పైనున్న మీకే రాస్తున్నాను. తెలుగులో రాసినందుకు ఏమీ అనుకోకండి, చదివి చెప్పేవాళ్ళు మీ దగ్గర ఉండకపోరు.

కొత్త రైలు అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఏసీ వెయిటింగ్ హాలూ ఎస్కలేటరూ కూడా అడగను. ముందు మా పెద్దమ్మ సంగతి చెప్తాను, నేనేం అడుగుతున్నానో మీకే తెలుస్తుంది.

ఆవిడ గుంటూరు అరండల్‌పేటలో కూతురింట్లో సంక్రాంతి చేసుకుని చిన్నకొడుకు దగ్గరికి బయల్దేరింది. టికెట్ తీసింది నేను, విజయవాడలో కూర్చుని, ఫోన్లో. ఎక్కాల్సిన స్టేషన్ దగ్గర న్యూ గుంటూరు అని ఉంది. నేను గుంటూరు అన్న ముక్క చూశాను, లోయర్ బెర్త్ వచ్చిందో లేదో చూశాను, డబ్బు కట్టేశాను. ఫోన్ చేసి "పెద్దమ్మా, పొద్దున్నే గుంటూరు స్టేషన్‌కి వెళ్ళిపో" అన్నాను. ఆవిడ గంట ముందే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో గోంగూర పచ్చడి సీసా. కారకుండా మూతకి ప్లాస్టిక్ కవరు, కవరు మీద రబ్బరు బ్యాండు, ఆపైన పాత టవలు చుట్టి ముడి. టైమైంది. రైలు రాలేదు. ఎందుకొస్తుంది? అది న్యూ గుంటూరులో ఆగి తన దారిన తను వెళ్ళిపోయింది.

"మెసేజ్‌లో న్యూ అని ఉంది, చూశాన్రా. కొత్తగా కట్టిన బిల్డింగ్ వైపు కాబోలు అనుకున్నా" అంది నాతో. చివరికి బస్సెక్కింది, అదే సీసా ఒళ్ళో పెట్టుకుని.

తప్పు నాది. మీ శాఖది కాదు, ఆవిడది అసలే కాదు. కానీ పాతికేళ్ళ నుంచి నెలకోసారైనా రైలెక్కేవాణ్ణి, పక్క ఊళ్ళో ఉండేవాణ్ణి నేనే ఆ "న్యూ"ని దాటేసి చదివితే, శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో మొదటిసారి వచ్చేవాళ్ళ సంగతేంటి?

ఒక ఊరికి నాలుగు స్టేషన్లుంటే నష్టమేం లేదు. ఉండాలి కూడా. విజయవాడ జంక్షన్‌కి ఉన్నది 10 ప్లాట్‌ఫాంలు. చెన్నై, హౌరా, ఢిల్లీ దారులు మూడూ ఇక్కడే కలుస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. సికింద్రాబాద్ వైపు పట్టాలూ విశాఖ వైపు పట్టాలూ మా స్టేషన్‌లోకి ఒకే పక్క నుంచి వస్తాయి. కాబట్టి ఆ దారిన సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్ళే మామూలు రైలు లోపలికొచ్చిందంటే ఇంజిన్ని ఈ చివర విప్పి ఆ చివర తగిలించాల్సిందే. ఆ పని లేకుండా కొన్ని రైళ్ళని ఊరి పక్క స్టేషన్లయిన రాయనపాడు నుంచి గుణదల వైపు పక్క లైన్లోంచి పంపించేస్తారు. న్యూ గుంటూరు కథా దాదాపు అంతే, ఊళ్ళోకి వెళ్ళకుండా పక్కనుంచే సాగిపోవడానికి. ఇవన్నీ తెలిసినవాళ్ళకి తెలివైన ఏర్పాట్లు. తెలియనివాళ్ళకి మాత్రం "మీ రైలు విజయవాడ రాదు, రాయనపాడుకి వెళ్ళండి" అంటే రాయనపాడు ఎక్కడో, అర్ధరాత్రి అక్కడ ఆటో దొరుకుతుందో లేదో, ఒకటే టెన్షన్.

ఇంజిన్ మారడం అన్నాను కదా, అదొక నాటకం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ నుంచి వస్తూ ఓసారి చూశాను. రాత్రిపూట బండి విజయవాడలో ఆగింది, కొంతసేపటికి కదిలింది. పై బెర్త్ మీద నిద్రపోతున్న ఒకాయన కళ్ళు తెరిచి, కిటికీలోంచి చూసి, గబగబా దిగి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "బండి వెనక్కి పోతోందండీ, మళ్ళీ హైదరాబాద్ పోతోంది!" ఎదుటి సీటులో ఉన్న ఏలూరు ఆవిడ, ఏమాత్రం తొణక్కుండా, "ఇక్కడ అంతేలెండి, పడుకోండి" అంది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నీళ్ళ బాటిల్ కోసం దిగినవాళ్ళకి మాత్రం నవ్వు రాదు. ఇంజిన్ పక్క బోగీ అని గుర్తుపెట్టుకుని దిగుతారు. తిరిగొచ్చేసరికి ఇంజిన్ అటు చివర ఉంటుంది, వీళ్ళు అటే పరిగెత్తుతారు, బోగీ ఇటు ఉంటుంది. బండి ప్లాట్‌ఫాం మీదికి రాకముందే, ఇక్కడ ఇంజిన్ మారుతుంది, బోగీ నంబరు చూసుకుని దిగండి అని బోగీలోనే ఒక్క మాట చెప్పిస్తే చాలు.

ఇక గేట్ల సంగతి. విజయవాడ స్టేషన్‌కి ఒకటో నంబరు ప్లాట్‌ఫాం ముందు మెయిన్ గేటు ఉంది, వన్‌టౌన్ వైపు తారాపేట గేటు ఉంది. బస్టాండ్ నుంచో గవర్నరుపేట నుంచో వచ్చేవాళ్ళకి మెయిన్ గేటు సులువు, వన్‌టౌన్ వాళ్ళకి తారాపేట. ఊరివాళ్ళం మాకు ఇది పుట్టుకతో తెలుసు. పొరుగూరు నుంచి వచ్చినవాళ్ళకి స్టేషన్ అంటే ఒక్కటే, బయట అంటే ఒక్కటే. మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, స్టేషన్ బయటే ఉన్నా."

"నేనూ స్టేషన్ బయటే ఉన్నా."

"కనపడవే?"

"నీ ఎదురుగా ఏముంది?"

"ఆటోలు."

నా ఎదురుగా కూడా ఆటోలే ఉన్నాయి. ఇద్దరం నిజమే చెప్తున్నాం. పది ప్లాట్‌ఫాంల అవతలా ఇవతలా నిలబడి ఇరవై నిమిషాలు వెతుక్కున్నాం. ఫుట్‌బ్రిడ్జి ఎక్కి రమ్మంటే వాడి చేతిలో రెండు సూట్‌కేసులు, చంకలో పిల్ల.

ఊళ్ళ పేర్లు, స్టేషన్ల పేర్లు, కోడ్‌లు దేని దారి దానిదే. టికెట్ మీద విజయవాడకి బీజెడ్ఏ అని ఉంటుంది. బెజవాడ అన్న పాత పేరు నుంచి వచ్చింది. నాకది ఇష్టమే, ఊరి పాత పేరు టికెట్ల మీదైనా మిగిలింది. కానీ మా పక్కింటి కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతూ కూడా ఆ అక్షరాలు ఏ ఊరివని అడిగాడు. హైదరాబాద్ వెళ్తే ఇంకో తంటా. జనం నాంపల్లి అంటారు, టికెట్ హైదరాబాద్ దక్కన్ అంటుంది. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి ఎలాగూ ఉన్నాయి, 2025 జనవరి నుంచి చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా చేరింది. అక్కడి మనిషి "ఏ స్టేషన్‌లో దిగుతున్నావ్" అని మొదటే అడుగుతాడు, వాళ్ళకి అలవాటైపోయింది. మాకింకా ఆ అలవాటు రాలేదు.

రైళ్ళ పేర్లతో వచ్చే తికమక కూడా చెప్పాలి. సికింద్రాబాద్ నుంచి తిరుపతి వెళ్ళే వందే భారత్ గుంటూరు మీదుగా పోతుంది, విశాఖ వెళ్ళే వందే భారత్ విజయవాడ మీదుగా పోతుంది. తిరుపతికి నారాయణాద్రి గుంటూరు, తెనాలి దారిలో వెళ్తుంది, పద్మావతి విజయవాడ వస్తుంది. "తిరుపతి బండి కదా, విజయవాడ రాకుండా ఎట్లా పోతుంది?" అని మా వీధిలో ఏడాదికి ఒకరైనా నన్ను అడుగుతారు. పటం గీసి చూపిస్తే తప్ప నమ్మరు.

యాప్‌లో అన్నీ ఉన్నాయి కదా, రైల్వే వాళ్ళ 139 నంబరుకి ఫోన్ చేయొచ్చు కదా అంటారు మీ అధికారులు. నిజమే, ఉన్నాయి. కానీ ఏది అడగాలో తెలిసినవాడికే యాప్ పనికొస్తుంది. నేనున్నది వేరే గేటు అని తెలియనివాడు ఏమని అడుగుతాడు? స్టేషన్లో పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో రాస్తారు, కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాస్తారు. రైలెక్కే ఏ ముసలావిడకీ ఆ ఎత్తుతో పని పడగా నేను చూడలేదు. ఏ పేటకి దగ్గరో, ఏ గేటు నుంచి బస్టాండ్‌కి వెళ్ళాలో అక్కడే రాస్తే చదువుకుంటుంది.

అడిగేది ఇది. టికెట్ తీసిన వెంటనే వచ్చే మెసేజ్‌లో స్టేషన్ పేరు తెలుగులో రానివ్వండి, పక్కన అందరికీ తెలిసిన ఒక గుర్తుతో. న్యూ గుంటూరు అయితే "గుంటూరు జంక్షన్ కాదు" అని మొహమాటం లేకుండా రాయండి. రాయనపాడులోనే ఆగి పక్కనుంచి వెళ్ళిపోయే రైలైతే "విజయవాడ జంక్షన్‌కి రాదు" అని రాయండి. ప్లాట్‌ఫాం నంబరు ఖాయమయ్యాక పంపే మెసేజ్‌లో మెయిన్ గేటు దగ్గరో తారాపేట గేటు దగ్గరో చెప్పండి. గేట్లకి జనం ఏ పేరు పెట్టి పిలుస్తారో అదే పేరు పెద్దక్షరాల్లో, ఆటోలోంచి కనిపించే ఎత్తులో రాయించండి. ఈస్ట్, వెస్ట్ అని రాయకండి, దిక్కులు చూసుకుని నడిచేవాళ్ళెవరూ లేరిప్పుడు. ఎలాగూ 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ కిందికి మా రెండు డివిజన్లూ వస్తాయి, బోర్డుల మీద పాత జోన్ పేరు చెరిపి కొత్తది రాయించాలి. పెయింటరు నిచ్చెన ఎక్కి ఉండగానే ఇంకో లైను రాయించమంటున్నాను, అంతే.

2028లో కృష్ణా పుష్కరాలు. 2016లో ఎంత జనం వచ్చారో మీ శాఖ రికార్డుల్లోనే ఉంటుంది. నది బ్రిడ్జి మీదికి రైలు రాగానే కిటికీలోంచి చిల్లర వేసి, దండం పెట్టుకుని, బ్యాగులు దించుకునే జనం వాళ్ళు. అంతమంది చేతుల్లో మంచి ఫోన్లుంటాయని అనుకోకండి. అప్పటికి గుణదల, మధురానగర్, రామవరప్పాడు, రాయనపాడు, కృష్ణా కెనాల్ అన్నిటికీ కలిపి ఒకే పటం గీయించి బస్టాండ్‌లో ఒకటి, స్టేషన్‌లో ప్రతి గేటు దగ్గరా ఒకటి పెట్టించండి. ఘాట్లు ఎటో, ఏ స్టేషన్‌లో దిగితే నడక తక్కువో అందులో ఉండాలి.

పెద్దమ్మ మళ్ళీ ప్రయాణం పెట్టుకుంది. ఈసారి గుంటూరు జంక్షన్ నుంచే తీశాను, రెండుసార్లు చదివి మరీ. నిన్న ఫోన్ చేసింది.

"పాతదా, న్యూనా?"

"పాతదే పెద్దమ్మా."

"అయితే ఏ గేటు?"

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ప్రయాణికుడు